గంట లేని మధ్యాహ్నం

గంట కొట్టేవాళ్ళు లేక ఈశ్వరి మూడు రోజులు అన్నం తినలేదు. నాలుగో రోజు కుట్టుమిషను మీదికి ఒరిగిపోయింది.

ధర్మవరం నుంచి టైలరింగ్ షాపు యజమాని ఫకృద్దీన్ వార్డెన్ హేమావతికి ఫోన్ చేశాడు. "పనిమంతురాలే మేడం. అన్నం వండుకుంటాది, ముందర పెట్టుకుని ఊరికే కూర్చుంటాది. శనివారం దాకా చూస్తా. ఆ తర్వాత మీరే పిల్చుకపోండి."

తెచ్చుకుంటే పెట్టుకునే చోటు లేదు. ముదిగుబ్బలో ఈశ్వరి పెరిగిన హోంలో పద్దెనిమిది నిండినవాళ్ళు ఉండకూడదు. అమ్మానాన్నలు లేని ఆడపిల్లలకు హేమావతి జాకెట్లు కుట్టడం, బ్యాంకు ఫారం నింపడం, బస్సు బోర్డు చదివి ఎక్కడం నేర్పి పంపేది. ఆకలేసినప్పుడు తినడం కూడా నేర్పాలని ఆమెకు తట్టలేదు. హోంలో లేవడానికి, స్నానానికి, అన్నానికి అన్నిటికీ గంటే.

వెళ్ళిపోయినవాళ్ళ నీడలు కొన్నాళ్ళు భోజనాలకు వస్తుంటాయి. ఈశ్వరి నీడ కూడా మధ్యాహ్నం గేటు దాటి వచ్చి, పాత చోటే, షీరీన్ పక్కన కూర్చునేది. "కొంచెం జరుగక్కా," అని షీరీన్ ప్లేటు పెట్టుకునేది. వంటమనిషి గౌస్‌బీ దాని ముందూ ఒక సంగటిముద్ద పెట్టేది.

హేమావతి ధర్మవరం బస్సెక్కింది. షాపు వెనక గదిలో ఈశ్వరి గ్లూకోజు నీళ్ళు తాగుతోంది.

"ఎందుకు తినలేదే?"

"గంట కొట్టలేదు కదా మేడం."

"ఆకలి కాలేదా?"

"యాడయితాది? నా నీడ ఆడ తింటాంది కదా. నిన్న ముద్దలోకి ఉలవచారు చేసినారు కదా?"

"చేశారు."

"నన్ను పిల్చుకపోండి మేడం."

హేమావతి ఒక్కతే తిరిగొచ్చింది.

మరునాడు చిన్నపిల్లలను నోటితో పిలిచి అన్నం పెట్టించింది. గంట కొట్టనివ్వలేదు. పెద్దపిల్లలు ఖాళీ ప్లేట్లతో కూర్చున్నారు. నీడ కూడా వచ్చి కూర్చుంది.

"ఒంటిగంటయినాది మేడం," అంది గౌస్‌బీ. "ముద్ద సల్లారితే రాయయితాది. అప్పుడు మీరే తినల్ల."

"తింటాలే."

రెండు దాటాక షీరీన్ లేచింది. "తిడితే తిట్టనీ, నాకు ఆకలైతాంది," అంటూ వంటింట్లోంచి తన ముద్ద తానే తెచ్చుకుంది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు. నీడకు ఎవరూ వడ్డించలేదు. అది కాసేపు చూసి, లేచి, గేటు దాటి ధర్మవరం రోడ్డు పట్టింది.

సాయంత్రం ఈశ్వరి ఫోన్ చేసింది. "మేడం, పొద్దు వాలేటప్పుడు ఉన్నట్టుండి ఆకలైనాది. తిన్నా. ఉప్పు ఎక్కువైనాది."

"రేపు తగ్గించి వేసుకో," అంది హేమావతి.

శనివారం ఫకృద్దీన్ ఫోన్ చేయలేదు.

పదహారు దాటినవాళ్ళకు ఇక గంట ఉండదని, ఎవరి ముద్ద వాళ్ళే తెచ్చుకోవాలని హేమావతి అందరికీ చెప్పేసింది. తనిఖీకి వచ్చిన అధికారి హోంలో క్రమశిక్షణ లేదని రాశాడు. మరుసటేడు వచ్చినాయనా అదే రాశాడు. రెండుసార్లూ ఆమె కింద సంతకం పెట్టింది. పెద్దపిల్లలకు మాత్రం గంట కొట్టించలేదు, రిటైరయిన రోజు దాకా.