వేములకొండ వారి ఫ్లాస్కు

నేను ఒక ఫ్లాస్కును. లోపల ఏముందో పైకి తెలియనివ్వని జాతి మాది. లోపల పాలు పొగలు కక్కుతున్నా, పైన చెయ్యి వేసినవారికి చల్లగానే తగులుతాం. ఇలాంటి స్వభావం ఉన్నవాళ్ళకి లోకంలో మంచి పేరు రాదు. వచ్చిన ప్రతివాళ్ళూ మూత తీసి అనుమానంగా తొంగి చూస్తారు. అలా చూడగా చూడగా మాకూ అనుమానం అలవాటవుతుంది.

ఎక్కడో ఒక కార్ఖానాలో ఒక గాజు సీసాలో ఇంకో గాజు సీసా పెట్టి, మధ్యలో గాలంతా లాగేసి, వెండిపూత పూసి, పైన నీలం రంగు డబ్బా తొడిగి నన్ను లోకం మీదికి వదిలారు. ఒక స్టీలు సామాన్ల కొట్లో కొంతకాలం దుమ్ము తిన్నాను. అక్కణ్ణించి గృహప్రవేశానికి కానుకగా వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు నన్ను విప్పకుండానే అటకెక్కించి, ఆనక ఒక నిశ్చితార్థానికి పట్టుకెళ్ళారు. అక్కణ్ణించి ఇంకో ఇల్లు. నా మీద రంగు కాగితం మారేది గానీ నేను మారలేదు. ఇచ్చిన ప్రతివాళ్ళూ మాత్రం "మీకోసమని వెతికి వెతికి కొన్నాం" అనేవారు. మనుషుల మాట మీద నాకు గురి తప్పింది అప్పుడే.

చివరికి వకుళ పెళ్ళిలో కానుకనై ఆమె చేతికి చిక్కాను. నన్ను విప్పి వాడుకున్న మొదటి మనిషి ఆమే. వకుళ బియ్యెస్సీ చదివింది. రేపల్లెలో అద్దెకు తీసుకున్న చిన్న వాటాలో ఆమెకు సంతోషం కలిగించని వస్తువు లేదు. కిటికీ రెక్క కిర్రుమంటే సంతోషం, పాలవాడు కొత్త ఇంటిపేరుతో కేకేస్తే సంతోషం. ఆమె భర్త ఫణి కాలవల శాఖలో ఇంజనీరు. నెమ్మదైన మనిషి. ఇంత నెమ్మదిగా ఉండేవాళ్ళు ఏదో ఒకటి దాస్తారని నా అనుభవం. నేనూ నెమ్మదిగానే ఉంటాను కదా.

ఒకరోజు వకుళ బజారు నుంచి గాలిలో తేలుతున్నట్టు వచ్చింది. ఊళ్ళో కంకిపాటి భాస్కరం గారి పద్యనాటకం ఉందట. చిన్నప్పుడు నాన్న భుజమ్మీద కూర్చుని ఆయన పద్యం విన్నది మొదలు ఆమెకు ఆయనంటే ప్రాణం. కాలేజీలో తోటివాళ్ళు సినిమా పాటలు పాడుకుంటుంటే ఈమె ఆయన రాగాలు తీసి నవ్వులపాలయ్యేదట. ఇదంతా ఆమె చెబుతుంటే ఫణి చేతిలోని గరిటె కింద పడింది. ఉక్కపోత అన్నాడు, దోమలన్నాడు, పొద్దున్నే కాలవ లాకుల దగ్గరికి వెళ్ళాలన్నాడు. ఒక్క సాకు చెబితే నమ్మేదాన్ని. అన్ని సాకులు ఒకేసారి చెప్పేసరికి నాకు అనుమానం మొదలైంది.

వకుళకు మాత్రం ఏ అనుమానమూ లేదు. నాటకం విరామంలో గాయకుడి గొంతుకు మిరియాల పాలు పట్టుకెళ్ళడం అభిమానుల ఆనవాయితీ. వాళ్ళ నాన్న ఆ పని చేసేవాడు. ఆమె పాలు కాచి, మిరియాలు దంచి వేసి, పటికబెల్లం కలిపి నాలో పోసింది. కొత్త వస్తువును మొదటిసారి వాడుతున్నది కనుక నా మెడ మీద ఇంత పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. ఫ్లాస్కుకు బొట్టు పెట్టినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు. నాకు సిగ్గేసింది, కొంచెం గర్వం కూడా వేసింది.

నాటకం రాత్రి ఇద్దరూ నన్ను తీసుకుని ఊరి మైదానానికి వెళ్ళారు. భాస్కరం గారిది కోట పోగొట్టుకున్న ముసలి రాజు వేషం. ఆయన రంగస్థలం మీదికి రాగానే జనం ఈలలు వేశారు. డెబ్బై దాటిన మనిషి, నడకలో ఇంకా రాజసం ఉంది. రాగం ఎత్తుకున్నాడు. పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, అక్కడ జారింది. పక్క తెర చాటున హార్మోనియం ముందు కూర్చున్న పేరయ్య గబుక్కున గాలి పెంచి ఆ జారుడును కప్పేశాడు. కానీ నన్ను ఒళ్ళో పెట్టుకున్న వకుళ వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమె కనిపెట్టింది.

పద్యనాటకాల్లో ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. అరిచారంటే నటుడు ఆ పద్యం మళ్ళీ పాడి తీరాలి. చచ్చి పడిపోయిన పాత్రయినా సరే, లేచి నిలబడి, పాడి, మళ్ళీ చావాలి. భాస్కరం గారి జీవితంలో వన్స్ మోర్ పడని పద్యం లేదంటారు. ఆ రాత్రి మొదటి సగమంతా ఒక్కరూ అడగలేదు.

విరామంలో వకుళ నన్ను పట్టుకుని తెర వెనక్కి పరుగెత్తింది. ఫణి కాళ్ళీడ్చుకుంటూ వెనక వచ్చాడు. భాస్కరం గారు ట్రంకుపెట్టె మీద కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. పేరయ్య అడ్డం వచ్చాడు. ఆయన చాలా ఏళ్ళుగా గురువుగారి దగ్గర హార్మోనియం వాయిస్తున్నాడు, అంతకంటే ఎక్కువగా కాపలా కాస్తున్నాడు. నా మూత తీశాడు, వాసన చూశాడు, దీపం కిందికి వంచి చూశాడు. ఉక్కకి, వకుళ చేతి చెమటకి నా మెడ మీద కుంకుమ కరిగి మూతి దాకా కారి ఉంది.

"ఈ ఎరుపేందమ్మా?" అన్నాడు.

"బొట్టండి. కొత్తది కదా అని పెట్టాను."

"ఫ్లాస్కుకి బొట్టేంది? కట్టుకథలు చెప్పటం మా వృత్తేనమ్మా. ఎవురి తాలూకు నువ్వు?"

వకుళ ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే పెళ్ళి చేసుకున్నట్టు, "వేములకొండ వారి కోడల్నండి" అంది.

ఫణి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పేరయ్య నన్ను పాముని దించినట్టు పెట్టె మీద దించాడు. భాస్కరం గారు కళ్ళు తెరిచారు.

అక్కడున్న అందరికీ తెలిసి, వకుళకు మాత్రం తెలియని కథ అప్పుడు బయటపడింది. ఒకప్పుడు వేములకొండ నరసింహం అనే గాయకుడు ఉండేవాడు. భాస్కరానికి సరిజోడు, పోటీదారు. చీరాలలో ఇద్దరూ పోటాపోటీగా పాడాల్సిన రోజున నరసింహం ఇంటినుంచి భాస్కరానికి పాలు వచ్చాయి. అవి తాగి రంగం మీదికి వెళ్తే గొంతు పట్టేసింది. పాలల్లో సిందూరం కలిపారని, దానితో గొంతు పోతుందని ఊరూ వాడా చెప్పుకుంది. నరసింహం మళ్ళీ రంగం ఎక్కలేదు. ఫణి ఆయన మనవడు.

వకుళ నాలోంచి మూత నిండా పాలు పోసుకుని తాగేసింది. పేరయ్య తల అడ్డంగా ఊపాడు. పాడని గొంతును సిందూరం ఏమీ చెయ్యదని, అది పాడేవాళ్ళకే పడుతుందని శాస్త్రం చెప్పాడు.

అప్పుడు ఫణి ముందుకొచ్చాడు. ఆ మూత అందుకుని, తనూ పోసుకుని తాగి, ఒక పద్యం ఎత్తుకున్నాడు. పెళ్ళయ్యాక అతను గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. రెండో పాదానికి వచ్చేసరికి వేషాలు దిద్దుతున్నవాడి చేతిలో కుంచె ఆగిపోయింది. మూడో పాదం ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

"చూశారా గురువుగారూ, గొంతు పోయింది" అన్నాడు పేరయ్య.

"అసలుంటే గదరా పోవటానికి" అన్నారు భాస్కరం గారు. నవ్వుతో ఆయన కిరీటం ఊగింది. ఆ నవ్వు చివర ఏదో తడి తగిలింది. "నరసింహం మనవడికి ఈ గొంతేంది నాయనా."

అయినా పాలు తాగలేదు. పక్కన పెట్టమన్నారు. ఆట ముగిసేదాకా ఈ దంపతులు పక్క తెర దాటి వెళ్ళకూడదని పేరయ్య తీర్పు చెప్పాడు.

పక్క తెర చాటున వకుళ భర్త వైపు చూడకుండా అడిగింది. "మీకు ఇదంతా ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పలేదే?"

"ఆ రోజు బజారు నుంచి వచ్చి నువ్వు ఎట్లా నవ్వావో చూశాక, చెప్పటానికి నోరు రాలేదు."

ఆమె అప్పటికి నమ్మిందో లేదో నేను చెప్పలేను. నన్ను మాత్రం ఇద్దరికీ మధ్య పెట్టింది.

రాజు కోట వదిలి వెళ్ళే ఘట్టం వచ్చింది. ఆ పద్యం కోసమే జనం పక్క ఊళ్ళ నుంచి వస్తారు. రాగం పైకి వెళ్ళింది, మళ్ళీ అక్కడే జారింది. పద్యం ముగిశాక మైదానమంతా నిశ్శబ్దం. అప్పుడు వెనక వరసల్లోంచి ఎవరో "వన్స్ మోర్" అన్నారు. అది అభిమానమో, ఎగతాళో, నేను ఎంత చెవి పెట్టినా అంతుపట్టలేదు. ఏదయినా ఆచారం ఆచారమే. మళ్ళీ పాడాలి.

భాస్కరం గారు పక్క తెర వైపు నడిచి వచ్చి వకుళ ముందు చెయ్యి చాచారు. "పాలు ఇయ్యి తల్లీ."

ఫణి ఆమె చెవిలో గబగబా అన్నాడు. "ఇవ్వొద్దు. ఆయన గొంతు ఎట్లాగూ రాదు. రాకపోతే తప్పు ఈ పాల మీదే పెడతారు. తాతయ్యకి అట్లాగే జరిగింది."

నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఇన్ని వేల మంది చూస్తుండగా ఎందుకు అడిగినట్టు? అడిగింది దాహంతోనా, రేపటికి ఒక కారణం కావాలనా? వకుళ స్థానంలో నేనుంటే మూత బిగించుకునేదాన్ని. ఆమె నన్ను ఎత్తుకుని ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. పాలు పోసి ఇచ్చింది.

ఆయన రంగం మధ్యకు వెళ్ళి, అందరూ చూస్తుండగా, గుక్క తిప్పుకోకుండా తాగారు. రాగం ఎత్తుకున్నారు. అదే చోట అలాగే జారింది. పేరయ్య హార్మోనియం ముందు నుంచి సగం లేచి మమ్మల్ని చూశాడు. వేషాలవాళ్ళందరూ చూశారు. ఫణి వకుళ చెయ్యి పట్టుకున్నాడు.

భాస్కరం గారు చెయ్యెత్తి వాళ్ళను ఆపి, మైకు దగ్గరికి వచ్చారు. రాజు గొంతు కాదది, మామూలు గొంతు.

"పాలు బాగున్నయ్. వేములకొండ వారి కోడలు తెచ్చింది. వీటిల్లో ఏం లేదు." పేరయ్య వైపు తిరిగి, మైకుకు దూరంగా జరిగి, మెల్లగా అన్నారు. "అప్పుడు గూడా ఏం ఉండుండదురా. నాకు ఆ రోజు భయమేసింది, అంతే. శ్రుతి ఒక మెట్టు దించు."

పేరయ్య వేళ్ళు కదల్లేదు. గురువుగారి శ్రుతి దించడమంటే ఆయన దృష్టిలో జెండా దించడం. "నా వల్ల కాదండీ" అన్నాడు.

"దించరా. కోట పోయిన ముసలోడు ముసలోడి మాదిరిగానే పాడతాడు."

పేరయ్య కళ్ళు తుడుచుకుని మెట్టు దించాడు. ఆ తరువాత వచ్చిన పద్యంలో పరుగులు లేవు, గెంతులు లేవు. ఒక మనిషి తన ఇంట్లోంచి చివరిసారి బయటికి నడుస్తున్నట్టుగా ఉంది. రాగం ఎక్కడ ముగిసిందో కూడా తెలియలేదు. వకుళ ఏడుస్తోంది. ఫణి పెదవులు పద్యంతో పాటు కదులుతున్నాయి, అదృష్టవశాత్తు శబ్దం లేకుండా. మైదానం నలుమూలల నుంచీ "వన్స్ మోర్" అని కేకలు లేచాయి. ఈసారి ఆ కేకల్లో ఏముందో వెతకాలని నాకు అనిపించలేదు.

ఇంటికి నడిచి వెళ్తున్నప్పుడు వకుళ అడిగింది. "ఇంకా ఏమేం దాచారు?"

ఫణి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మీ అమ్మగారి కాకరకాయ పులుసు నాకు నచ్చలేదు. మూడుసార్లు అడిగి వేయించుకున్నాను."

ఆమె నవ్విన నవ్వుకు వీధి చివర కుక్క లేచి మొరిగింది. అతని మీద నా అనుమానం సగం తగ్గింది. పూర్తిగా తగ్గడం మా జాతికి చేతకాదు.

ఇప్పుడు నా లోపలి గాజు చిట్లింది. వేడి నిలవడం లేదు. వకుళ నన్ను పారేయలేక వంటింటి అలమరలో పై అరన పెట్టింది. భాస్కరం గారు తరువాత ఎన్నో ఊళ్ళలో ఆ దించిన శ్రుతిలోనే పాడారని, అదే ఆయన బాణీ అయిందని వచ్చేపోయేవాళ్ళు చెబుతుంటే విన్నాను. ఈ ఊళ్ళో సగం మంది ఇప్పటికీ ఆ రాత్రి పాలల్లో ఏదో కలిపారనే అంటారు. మిగతా సగం మంది, అదేదో అందరు గాయకులకీ కలిపి ఇస్తే బాగుండునంటారు. ఉన్నవి పాలు, మిరియాలు, పటికబెల్లం. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.