సంచిలో నాలుగు గుడ్లు

గుడ్ల షావుకారు చేతిలోంచి ఊరికే పోయే వస్తువంటూ లేదు, రోజూ రైలు డ్రైవరుకిచ్చే రెండు ఉడికిన గుడ్లు తప్ప. అవీ ఊరికే పోయేవి కావు. డ్రైవరు బండిని కుదుపు లేకుండా లాగితే ట్రేల్లో పాతిక గుడ్లు పగలకుండా పట్నం చేరేవి. రెండు పెట్టి పాతిక రాబట్టడం ఆయన దృష్టిలో వ్యాపారం కాదు, ఇంగితం.

ఎప్పుడో కొండరాయి మోయడానికి కట్టిన స్టేషను అది. కొండ అరిగిపోయింది, స్టేషను మిగిలింది. వచ్చే బండికీ పోయే బండికీ ఒకటే లైను. అందుకని స్టేషను మాస్టరు గదిలోని పాత యంత్రంలోంచి ఇనుప గుండు తీసి డ్రైవరు చేతికిస్తే తప్ప బండి కదలకూడదు. ఆ గుండు బయట ఉన్నంతసేపూ అవతలి స్టేషను యంత్రం ఇంకో గుండు వదలదు. గుండుని తోలు సంచిలో వేసి, సంచి కట్టిన పెద్ద రింగుని ఇంజనులోకి అందిస్తారు.

అందించాల్సింది పాయింట్స్‌మన్. ఉన్న ఒక్కడూ పట్టాలు మార్చే లీవరు వదిలి రాలేడు. షావుకారు ట్రేలు ఎక్కేది ఇంజను వెనక పెట్టెలోకే. "ఎలాగూ అటే పోతున్నాగా, ఇలా తెండి" అని ఒకనాడు పట్టుకెళ్ళాడు. అదే అలవాటైంది, డ్రైవరు గుడ్లూ ఆ సంచిలోనే వెళ్ళేవి. ఆ మాస్టరు బదిలీ అయి, షావుకారు సొంత అల్లుడే ఆ కుర్చీలోకి వచ్చాడు. "రూలు ఒప్పుకోదు మామయ్యగారూ" అని మొదటి రోజు గొణిగాడు. రెండో రోజు రింగు చేతికిచ్చాడు.

ఆ ఉదయం అల్లుడు ఫోనులో అవతలి స్టేషనుతో మాట్లాడుతున్నాడు. రింగు మేకుకి వేలాడుతోంది. బండి అప్పటికే ఆగింది. కూలీలు ట్రేలు ఎక్కడ జారవిడుస్తారోనని షావుకారు ప్రాణం అక్కడే ఉంది. రింగు లాక్కుని, నడుస్తూనే సంచి మూతిలోంచి లోపలికి గుడ్లు జారవిడిచాడు. నిన్న ఒక్కటీ పగల్లేదు, అందుకని ఇవాళ నాలుగు.

డ్రైవరు సంచిని అలవాటుగా తడిమి నవ్వాడు. "ఏం బాబాయ్, ఇవాళ చెయ్యి పెద్దదైందే! కోళ్ళకి జీతాలు పెంచావా?"

"నా కోళ్ళకి జీతమూ లేదు, పెన్షనూ లేదురా అబ్బాయ్. మెల్లగా లాగు."

బండి వెన్నలా కదిలింది. షావుకారు చేతులు దులుపుకుంటూ మాస్టరు గదిలోకి వచ్చాడు.

బల్ల మీద ఇనుప గుండు ఉంది.

అల్లుడు ఫోను పెట్టేసి మేకు వైపు చూశాడు. తర్వాత మామగారి వైపు చూశాడు. "రింగేదండీ?"

షావుకారు గుమ్మంలోకి పరిగెత్తాడు. బండి చివరి పెట్టె కూడా మలుపు దాటిపోయింది. పొగ లేదు, చప్పుడు లేదు, ఎండలో పట్టాలు మాత్రం మెరుస్తున్నాయి. ఖాళీ సంచి అయితే డ్రైవరు కదిలేవాడే కాదు. దాన్ని నింపి పంపింది తనే.

లెక్కల బుర్ర అప్పుడూ ఊరుకోలేదు. గుండు బల్ల మీద ఉంటే అల్లుడి ఉద్యోగం పోతుంది. యంత్రంలో ఉంటే? ఎవరు చూడొచ్చారు? గభాల్న వచ్చి గుండు తీసుకుని, అల్లుడు రోజూ చేసేలాగే యంత్రం మూతిలో పెట్టబోయాడు.

"మామయ్యా!"

అల్లుడు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఏనాడూ గొంతెత్తని మనిషి అరిచిన అరుపుకి కిటికీ అద్దం అదిరింది.

"అది లోపల పడితే లైను ఖాళీ అయినట్టే! అవతల గూడ్సు సిద్ధంగా నిలబడి ఉంది. మన బండికి ఎదురొస్తుంది!"

షావుకారు వేళ్ళు గుండు చుట్టూ బిగుసుకుపోయాయి. అల్లుడు ఒక్కొక్క వేలే విప్పి గుండు తీసుకోవాల్సి వచ్చింది. బండిలో మూడొందల మంది. ఆయనకి జీవితంలో మొదటిసారి ఆ అంకె పక్కన ఏం రాయాలో తోచలేదు.

అల్లుడు ఫోనెత్తాడు. "గుండు ఇక్కడే ఉంది, గూడ్సుని కదలనివ్వకండి. పొరపాటు నాదే. గుండు వెయ్యకుండా నేనే రింగిచ్చాను."

షావుకారు రిసీవరు లాక్కున్నాడు. "ఈయన ఇవ్వలేదండీ, నేనే తీసుకెళ్ళాను. గుడ్ల వ్యాపారిని. బండి వచ్చాక సంచి విప్పి చూడండి, నాలుగుంటాయి."

అవతలి మాస్టరు గొంతు లేచింది. "మీరా? మీరెవరండీ అసలు, రింగు ముట్టుకోవడానికి?"

ఇరవై నిమిషాలు మామా అల్లుళ్ళు బల్లకి చెరోవైపు, మధ్యలో గుండు పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఫోను మోగింది. బండి చేరింది.

విచారణలో అల్లుడికి మూడేళ్ళ ఇంక్రిమెంట్లు పోయాయి, ఉద్యోగం నిలిచింది. షావుకారు ఇక ప్లాట్‌ఫారం మీద సరుకు ఎక్కించకూడదన్నారు. ఇప్పుడాయన ట్రేలు లారీలో గతుకుల రోడ్డు మీద పోతున్నాయి. ట్రేకి నాలుగు పగులుతున్నాయని లారీ డ్రైవరు బిక్కుబిక్కుమంటూ చెబుతాడు.

"నాలుగే కదా, పోనీ" అంటాడు షావుకారు.