కుడి భుజం మీద పైట

"మాలతీ, నెగెటివ్‌కి నువ్వు కట్టే ఆ లెక్కలన్నీ ఒక కాగితమ్మీద రాసీ. జరా సాఫ్‌గా రాయి," అన్నాడు నాగబాబు, చేతిలో జిలేబీ పొట్లంతో. పదకొండేళ్ళ కాపురంలో తిన్నావా అని అడగని మొగుడు జిలేబీ తెస్తే ఏ ఆడదానికి అనుమానం రాదు? బియ్యం కడుగుతున్న మాలతి చెయ్యి ఆగిపోయింది.

నాగబాబుది రాయ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం. పాత పద్ధతిలో ఫొటోలు కడిగే కళాకారుడని ఊళ్ళో పేరు. సామాన్ల గదినే డార్క్‌రూమ్ చేసుకున్నాడు. కానీ ఈ రోజుల్లో ఫిల్ము ఎక్కడిది? కంప్యూటర్లో బొమ్మ నలుపు తెలుపులు తారుమారు చేసి, అద్దంలోలా తిప్పి, ఇంక్‌జెట్ ప్రింటర్లో ప్లాస్టిక్ షీటు మీదికి ఎక్కిస్తే అదే నెగెటివ్. ఆ పని మాలతిది. ఏ నీడకి ఎంత సిరా పడితే మొహం మొహంలా వస్తుందో, నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా ప్రింటు తీసి, కిటికీ దగ్గర కళ్ళు చికిలించి చూసి, మధ్యలో పప్పు మాడకుండా పరిగెత్తి, ఏళ్ళ తరబడి కట్టిన లెక్క అది. అతని ఫొటోల ఎగ్జిబిషన్లో తన పేరూ వెయ్యమంటే, "పెళ్ళి కార్డు మీద కూరలు తరిగినోళ్ళ పేరేస్తారేటి?" అని నవ్వాడు.

మరి కూరలు తరిగే లెక్కతో ఇప్పుడేం పని? నెల నుంచీ బొమ్మలు దాచిన పెన్‌డ్రైవ్ కనబడటం లేదు. ఫోన్ మోగితే బాల్కనీలోకి పోతున్నాడు. వేరే ఆడదేమో అనుకుంది ముందు. పోతున్నది తన పని అని తోచాక, ఆడదే అయితే ఇంత మంట ఉండేది కాదేమో అనిపించి, తనకే సిగ్గేసింది.

సాయంత్రం అత్తగారు సూరమ్మ ఎగ్జిబిషన్ కార్డు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. దాని మీద ఆవిడ ఫొటోయే.

"ఇదేటే కోడలా, నానెప్పుడు కుడి బుజమ్మీద పైటేసినాను? ఈ ఊరోళ్ళ లాగ!"

ఇక్కడి ఆడవాళ్ళు కొంగు కుడివైపే వేసుకుంటారు, అందుకే ఎవరికీ తేడా తెలియలేదు. బొమ్మ తిప్పడం మరిచిపోయిన నెగెటివ్ అది. బుగ్గలు సున్నం కొట్టినట్టున్నాయి. తన చేతిది కాదు. అభన్‌పూర్‌లో స్టూడియో పెట్టిన నాగబాబు స్నేహితుడు హేమంత్ చేతిది అయ్యుంటుంది. కార్డు కింద హిందీలో ఉంది: ఆదివారం హేమంత్ స్టూడియోలో డిజిటల్ నెగెటివ్ తయారీ, నేర్పేది నాగబాబు. మాలతికి ఒళ్ళు మండిపోయింది.

రెండంకెలు మారిస్తే చాలు, పదిమందిలో అతని పరువు గంగలో కలుస్తుంది. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి ఉన్నవి ఉన్నట్టే రాసింది. ఆ లెక్క ఈ ఇంటి ప్రింటర్‌కి, ఈ సిరాకి, ఈ కాగితానికే చెల్లుతుంది. ఒక్కటి మారినా మళ్ళీ మొదటి మెట్టు నుంచి చూసి కట్టుకోవాల్సిందే. అది నాగబాబుకి తెలియదు. అబద్ధం రాయాల్సిన అవసరమే లేకపోయింది.

అతను కాగితం అందుకుని ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు.

"అన్నీ సరిగ్గానే రాసినావా?"

"ఒక్క అంకె తప్పు లేదు. ఆదివారం నేనూ వస్తున్నాను."

"నువ్వెందుకు? అమ్మకి వంటెవరు చేస్తారు?"

"చేసిపెట్టే వస్తాను. నేర్చుకోడానికొచ్చిన పిల్లలు ప్రశ్నలడిగితే, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదండీ," అంది మాలతి.