ఎనభై మాత్రల డబ్బీలు

కంటి ఆపరేషన్‌కి పెద్ద కూతురి ఇంటికి వెళ్తూ అత్తగారు ఇంటి సంగతి ఒక్క మాటా చెప్పలేదు. పురుగుల గది తాళం మాత్రం అల్లుడి చేతిలో పెట్టింది.

"నన్ను నీకు అప్పజెప్పినప్పుడు కూడా మా అమ్మ ఇంత ఆలోచించలేదు," అంది భార్య.

అతను నవ్వాడు గానీ లోపల పొంగిపోయాడు. ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుకునే మనిషి. ఇతరులు రాసినదాంట్లో తప్పులు ఏరడమే తప్ప తన చేత్తో ఏదీ పుట్టించి ఎరగడు. అందుకే కాబోలు, అత్తగారు ఆ గదిలో పనిచేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయేవాడు. అరల నిండా ట్రేలు, ట్రేల నిండా గోధుమ పొట్టు, అందులో వేలెడు పొడవు పురుగులు. పెంపుడు బల్లులూ తొండలూ ఉన్నవాళ్లు మేతకోసం పట్టుకుపోయేవాళ్లు. ఆమె పొట్టును గుప్పిట పట్టి వాసన చూసి, తేమ ఎంత ఉందో చెప్పేసేది. క్యారెట్ ముక్క తాను కొరికి చూసేది. చప్పగా ఉంటే పురుగులకి పెట్టేది కాదు.

"బల్లి తినేది పురుగును కాదు బాబూ, పురుగు తిన్నదాన్ని," అనేది.

ఆ ఏడాది గదిలో చెమ్మ దిగి పొట్టుకి బూజు పట్టింది. వారం తిరక్కుండా ట్రేలకి ట్రేలే పోయాయి. గుడ్లు పెట్టే నల్ల పెంకుపురుగులు ఒక్కటీ మిగల్లేదు. చివరికి దక్కినవి ఎనభై పురుగులు. ఏడేళ్లుగా ఆమె తెగకుండా నడుపుకొస్తున్న సంతతి అంతా ఆ ఎనభైలోనే ఉంది. బయట కొనుక్కోవచ్చుగా అంటే, "ఎవరి చేతిలో ఏ గడ్డి తిన్నవో" అని కొట్టిపారేసింది. వెళ్లే ముందురోజు, మూతలకి చిల్లులు పొడిచిన ఎనభై మాత్రల డబ్బీల్లో వాటిని డబ్బీకొకటి చొప్పున వేసింది. గది వెచ్చగా ఉంచమంది. రోజూ పొద్దున ఒకసారి చూడమంది. అంతే.

మూడో రోజున అతను గమనించాడు: డబ్బీల్లో తిండి లేదు. చిటికెడు పొట్టు లేదు, క్యారెట్ పీచు లేదు. కంటి బెంగలో మర్చిపోయి ఉంటుంది, పాపం. పురుగులు గోడలకి తల కొట్టుకుంటున్నాయి. ఆరో రోజుకి కొన్ని వంకర తిరిగి, కదలకుండా పడి ఉన్నాయి. అతనికి మనసు ఆగలేదు. ఒంటరితనమూ ఆకలీ ఒకేసారి ఎలా ఉంటాయో అతనికి తెలుసు. చదువుకునే రోజుల్లో ఒక అద్దె గదిలో రెండూ అనుభవించాడు. ఎనభైనీ ఒక ట్రేలో గుమ్మరించి, మెత్తటి పొట్టు పోసి, క్యారెట్ కోసి పెట్టాడు. అవి ఒకదాని మీద ఒకటి పాకుతూ తింటుంటే, ఒక ఘోరమైన అచ్చుతప్పు దిద్దినంత తృప్తి కలిగింది.

పదో రోజు అత్తగారు నల్ల కళ్లద్దాలతో దిగింది. మంచినీళ్లయినా తాగకుండా గదిలోకి వెళ్లింది. అతను వెనకే వెళ్లాడు, మెచ్చుకోలు కోసం.

ఆమె ట్రే మీదికి వంగి, పొట్టును వేలితో పక్కకి జరిపి చూసింది.

"డబ్బీలేవి?"

"కడిగి బోర్లించానత్తయ్యా. పాపం, వాటికి తిండే లేదు. చచ్చిపోతున్నాయి."

"చావడం లేదు నాయనా, మారుతున్నాయి." ఆమె స్టూలు మీద కూలబడింది. "పదిమందిలో ఉన్నంతకాలం ఇవి పురుగులుగానే ఉండిపోతాయి. ఒంటరిగా, తిండి లేకుండా ఉంచితేనే వంకర తిరిగి, ప్యూపా అయ్యి, పెంకుపురుగై బయటికొస్తాయి. ఎన్నున్నాయి?"

లెక్కపెట్టారు. డెబ్బై ఒకటి.

"తొమ్మిది ఎక్కడికి పోయాయి?" అన్నాడు అతను.

"మిగతావి తినేశాయి. వంకర తిరిగినదానికి పారిపోవడం చేతకాదు కదా."

అంటే అందరికంటే ముందు సిద్ధమైన తొమ్మిదీ. తన జాలిలో పురుగుల వాటా ఎంత, అత్తగారి చేత శభాష్ అనిపించుకోవాలన్న ఆశ వాటా ఎంత అని అతను తనను తాను ప్రశ్నించుకున్నాడు. జవాబు బాగాలేదు.

"తిట్టండత్తయ్యా."

"తిడితే అవి పెంకుపురుగులవుతాయంటే పొద్దుగూకులూ తిడతాను. డబ్బీలు పట్రా."

"మళ్లీ మారతాయా?"

"సగంలో చెడగొట్టినవి మళ్లీ మొదలెడతాయో లేదో నాకూ తెలీదు. తెలీనప్పుడు చెయ్యాల్సిన పనే చేద్దాం."

నల్ల కళ్లద్దాలు తీసేసింది; ఆపరేషన్ కన్ను మీద పచ్చరంగు మూత, రెండో కన్ను మసక. అయినా ఆమె ఒక్కో పురుగునూ రెండు వేళ్ల మధ్య దొర్లించి, ఒంట్లో బిగువు చూసి డబ్బీలో వేసింది. అతను మూత పెట్టాడు. తమలో కోపం ఉన్నవాళ్లు ఎవరూ అంత మెల్లగా వేళ్లు కదపలేరని అతనికి అనిపించింది.

రెండు వారాలు ఆమె ఏ డబ్బీనీ తెరవలేదు, వెలుగుకి ఎత్తి చూసిందంతే. పదమూడు పురుగులు నల్లబడి చచ్చిపోయాయి. నాలుగు అలాగే పాకుతూ ఉండిపోయాయి. మిగతా యాభై నాలుగూ మొదట కొడవలిలా వంగి, తర్వాత మీగడ రంగు ప్యూపాలై, మరో రెండు వారాలకి కాళ్లు విదిలించుకుంటూ లేచాయి. వాటిని కొత్త పొట్టులో వదిలింది. ఇక గుడ్లు పెట్టాలి. పెట్టాయో లేదో చూడాలని అతను భూతద్దం తెస్తే చెయ్యి పట్టుకుని ఆపింది.

"చూపుతో కూడా కెలక్కూడదు కొన్నాళ్లు."

పెంకుపురుగుల్ని వేరే ట్రేకి మార్చి, గుడ్లంటూ ఉంటే అందులోనే ఉంటాయని పాత పొట్టును అలాగే ఉంచింది. కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం భోజనం చేస్తున్న అతన్ని కేకేసింది. ఎంగిలి చేత్తోనే వెళ్లాడు. ట్రేలో పొట్టు తప్ప ఏమీ లేదు.

"ఏముందత్తయ్యా?"

"ఊపిరి బిగబట్టి చూడు."

చూశాడు. పొట్టు కదిలింది. ఒకచోట కాదు, అన్నిచోట్లా, నిద్రలో ఒళ్లు జలదరించినట్టు.

అత్తగారు అప్పటికే బల్ల మీద క్యారెట్ పెట్టుకుని కత్తి తీసింది. ఎప్పటిలా ముక్కలు కొయ్యలేదు. కిటికీ వెలుతురు అవతలికి కనిపించేంత పలచగా ఒక పొర తీసి, అరచేతిలో ఉంచుకుని దాన్నే చూస్తూ, ఇంకా మందంగా ఉందనుకుందేమో, పక్కన పెట్టి మరొకటి తీయడం మొదలుపెట్టింది.