పోయింది, అనగా

“అల్లుడింట ముసలమ్మ సహనశీలి, కామా, త్యాగమూర్తి, కామా, ఉదాత్తమైనది, ఫుల్‌స్టాప్.”

పరీక్ష పేపర్లు పంచేసి, తప్పు రాసినవాళ్లకోసం సరైన జవాబు మళ్లీ చెబుతున్నాడు వాచకం మాస్టారు. చేతిలో నోట్సు ఉంది కానీ చూడనక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా అవే మాటలు. వెనక బెంచీవాళ్లు ‘కామా’ అని కూడా అక్షరాల్లో రాసుకుంటారు, పరీక్షలోనూ అలాగే రాస్తారు. వాళ్లకి ఐదుకి ఐదు వేశాడు. అంటే ఎంత చదివి దిద్దాడో చూసుకోండి!

రచయిత ఒక మనిషిని ఎలా మలుస్తాడు, ఒక సంఘటనను ఎలా నడుపుతాడు, ఆ రెంటిలోంచి ఒక ఆలోచనను ఎలా పైకి తెస్తాడు అన్నది ప్రశ్న. మాస్టారు దాన్ని ఎప్పుడో తేల్చేశాడు. మనిషికి మూడు విశేషణాలు, సంఘటనకి ఒక చావు, ఆలోచనకి ఒక నీతి. ఐదు మార్కులు సరి. మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి ‘అనగా’ అంటాడు కాబట్టి పిల్లలు ఆయనకి ‘అనగా సార్’ అని పేరు పెట్టుకున్నారు. అంతకన్నా ఎక్కువగా పట్టించుకోదగ్గ మనిషి కాడు.

ఆ పొద్దున బయల్దేరుతుంటే ఎడమచెప్పు పట్టీ తెగింది. “కొత్తవి కొనుక్కోండి బాబూ, చూడలేక చస్తున్నాను,” అంది భార్య. ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఇరవై రెండేళ్ల కాపురంలో కూడా పెద్దగా మార్చిందేమీ లేదు మహానుభావుడు.

బెల్లు కొట్టాక వరండాలో ఒక పిల్ల అడ్డం వచ్చింది. మూడో బెంచీ పిల్ల, మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ముప్ఫైమూడు వచ్చాయి. ముప్ఫైఅయిదు వస్తే పాసు. ముసలమ్మ ప్రశ్నకి సున్నా.

“సార్, ముసలమ్మ చచ్చిపోలేదండి.”

“నోట్సులో ఏముంది?”

“చచ్చిపోయిందనే ఉందండి. పాఠంలో మాత్రం ‘పోయింది’ అని ఉందండి.”

“పోయింది, అనగా మరణించింది. ఆ మాత్రం తెలీదూ?”

“మరి చెప్పులేసుకుని పోయింది కదండీ. చచ్చిపోయేవాళ్లకి చెప్పులెందుకండి?”

మాస్టారు గుడ్లురిమాడు. “అధికప్రసంగం! పో.”

ఆ పిల్ల పోలేదు, తన పేపరు ఆయన చేతిలో పెట్టింది. “సార్, ఈ ఏడు తప్పితే మా మావయ్య బడి మాన్పించేసి కుట్టుషాపులో కూర్చోబెడతానన్నాడండి. నాలుగింటికి మార్కుల లిస్టు వెళ్లిపోతుందంట కదండీ. ఒక్కసారి పాఠం చూడండి సార్.”

పాఠం చూడమంటుందా! మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ పూట ఆయనకి క్లాసులు లేవు. చెప్పులు బల్లకింద విడిచి, లాగుతున్న భుజం నొక్కుకుంటూ వాచకం తెరిచాడు. పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి, అంత భద్రంగా వాడాడు మరి. పాఠం రెండున్నర పేజీలే. అల్లుడింట్లో ఇరవై ఏళ్లు అంట్లు తోమిన ముసలమ్మ, ఒకరోజు అల్లుడు పళ్లెం విసిరేస్తే దాన్ని తీసి కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది. తలుపు దగ్గరగా వేసి పోయింది.

అంతే. ఏడుపు లేదు, చావు లేదు. ఆ చెప్పుల్లోనే ఉంది మనిషంతా, చెప్పాలనుకున్నదంతా. ఓర్చుకోమని కాదు, లేచి పొమ్మని.

సిగ్గుపడ్డాడనుకునేరు! ముందు కోపం వచ్చింది, రచయిత మీద. చచ్చిందో వెళ్లిందో సరిగ్గా రాసి తగలడొచ్చుగా అని తిట్టుకున్నాడు. రెండోసారి చదివాడు. మూడోసారి పెదవులు కదుపుతూ చదివాడు. హాయిగా నడిచి వెళ్లిపోయిన మనిషిని ఏటా ఒకసారి చొప్పున ఇరవై రెండుసార్లు చంపాడు, పైగా చంపినట్టు రాయనివాళ్లకి మార్కులు కోశాడు. ఆ ముసలమ్మ వీధి మలుపు తిరిగేదాకా చూస్తున్నవాడిలా గుమ్మంకేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఎర్రపెన్ను మూత తీశాడు.

మూడున్నరనుంచీ ఆ పిల్ల వరండా స్తంభం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి తొంగిచూసే ధైర్యం లేదు. నాలుగింటికి ఆయా లిస్టుకోసం స్టాఫ్‌రూములోకి వెళ్లింది. వెంటనే బయటికొచ్చి, పక్కనే ఉన్న హెడ్‌మాస్టరు గది గుమ్మం పట్టుకుంది.

“వాచకం సారు పోయారండి.”

“లిస్టు ఇవ్వకుండా ఎక్కడికి పోయాడమ్మా? ఇంకా బెల్లు కొట్టలేదుగా!” విసుక్కున్నాడు హెడ్‌మాస్టరు.

ఆయా స్టాఫ్‌రూముకేసి చెయ్యి చూపించింది.

అప్పుడు చూసింది ఆ పిల్ల, తెరిచిన తలుపులోంచి. బల్లమీద తల వాల్చిన మనిషిని కాదు, బల్లకింద. అక్కడ చెప్పులున్నాయి. పిల్లకి అర్థమైపోయింది. స్తంభానికి ఆనుకుని కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయనకోసం అలా ఏడ్చేవాళ్లు బడిలో ఒకరుంటారని ఎవరూ అనుకోలేదు.

చెంపకింద నలిగిన ఆ పిల్ల పేపరు లాగి చూశాడు హెడ్‌మాస్టరు. సున్నా కొట్టేసి నాలుగు వేసి ఉంది, పక్కన సంతకం. చేతిరాత బాగోలేదని ఒక మార్కు కోసినట్టు కిందే రాసి ఉంది. పోతూ పోతూ కూడా పూర్తిగా ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఎలాగైతేనేం, ముప్ఫైఏడు. పాసు.

అరగంటలో బండి వచ్చి ఆయన్ని ఇంటికి తీసుకెళ్లింది. పిల్లల్ని వరండాలో నిలబెట్టి హెడ్‌మాస్టరు నాలుగు మాటలు మాట్లాడాడు. మాస్టారు సహనశీలి అన్నాడు, త్యాగమూర్తి అన్నాడు, ఉదాత్తుడన్నాడు. మధ్యలో కామా అనకపోవడం ఒక్కటే తక్కువ. తర్వాత బెల్లు కొట్టారు, అందరూ వెళ్లిపోయారు.

ఆయా గది ఊడ్చి తాళం వేసింది. చెప్పుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పిన్నీసు పెట్టినది ఎడమవైపు, రెండోది దాని పక్కన, గుమ్మంకేసి తిరిగి ఉన్నాయి.