మంచు గడిలో బావ

రండి, రండి. ఇంకా దగ్గరికి జరగండి. ఆ వెనక గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా లేచి రండి, నా గొంతు అంతదూరం రాదు. కాళ్ళు మడిచి కూర్చోండి. ఎవరూ ఎవరినీ గిల్లకూడదు. ఇది బొమ్మలు గీసే ఒకాయన కథ.

ఆయన రాజుల కథలూ రాక్షసుల కథలూ గీసేవాడు కాదు. తను తిరిగిన ఊళ్ళు, ఎక్కిన రైళ్ళు, తిన్న తిట్లు, అంతా తన కథే. పేజీని గడులుగా విడదీసి, గడి గడికీ తన బొమ్మ వేసి, నోటి పక్క బుడగ పెట్టి మాటలు రాసేవాడు. అలా ఆరు పుస్తకాలు అచ్చయ్యాయి. అన్నిట్లోనూ ఆయన పక్కన ఒక పొడుగాటి మనిషి ఉంటాడు. ఆయన అక్క మొగుడు, టైలరు. ప్రయాణాలన్నీ ఇద్దరూ కలిసే చేశారు. దారిలో జోకులు వేసింది బావ. పుస్తకంలో అవి పలికింది మాత్రం బొమ్మలాయన నోరు. "జోకులు నావి, చప్పట్లు నీకా!" అని బావ నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఇంట్లో పొద్దున్నే ఒక పని ఉండేది. అచ్చుకు వెళ్ళేదాకా పేజీల్లో మనుషులు కుదురుగా ఉండరు కదా, అటూ ఇటూ తిరుగుతుంటారు. అందుకని కోళ్ళగూడు తెరిచి లెక్క చూసుకున్నట్టు ఆయన భార్య రోజూ గడులన్నీ చూసుకునేది. "టికెట్లాయన పక్క పేజీకి పోయి కునుకు తీస్తున్నాడు, లేపండి" అనేది. ఈయన కుంచె చివరతో తట్టేవాడు. అచ్చయ్యాక మాత్రం ఎవరూ కదలరు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే, ఎప్పటికీ.

ఏడో పుస్తకం చివరి పేజీలు ఆరోజు మధ్యాహ్నం పన్నెండింటికి ప్రెస్సుకి వెళ్ళాలి. పొద్దున భార్య లెక్క చూసి, "ఏమండీ, మీరు లేరు" అంది.

"ఎక్కడ లేను?"

"పల్లె గడిలో. పల్లెవాళ్ళంతా తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. మీరు మాత్రం లేరు."

అది పన్నెండేళ్ళ కిందటి మంచుకొండ ప్రయాణం. దారిలో బావ జారిపడ్డాడు, కాలు విరిగింది. ఇద్దరూ ఒక రాతి గుడిసెలో దూరారు. "నువ్వు కిందికి పోయి మనుషుల్ని తీసుకురా" అని బావే పంపాడనీ, తను పల్లెవాళ్ళని వెంటబెట్టుకుని మంచులో కొండెక్కాడనీ బొమ్మలాయన అక్కకి చెప్పాడు. బావ కూడా అవునన్నాడు. బావని కిందికి తెచ్చేసరికి మూడో రోజైంది. ఎముక వంకరగా అతికింది. అప్పటినుంచీ ఆయన ఒంటికాలితోనే మిషను తొక్కుతున్నాడు.

బొమ్మలాయన కళ్ళజోడు సవరించుకుని వెతికాడు. దొరికాడు. గడికీ గడికీ మధ్య వదిలిన తెల్లటి సందులో తేలుకుట్టిన దొంగలా ముడుచుకుని కూర్చున్నాడు పేజీలోని బొమ్మవాడు, అంటే తనే. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"అయ్యో, ఈ గడి చూడండి" అంది భార్య.

గుడిసె గడిలో బావ ఒక్కడే ఉన్నాడు. గడప దాకా గీసిన మంచు కిటికీ అంచుకి వచ్చేసింది.

పదింటికి బొమ్మలాయన పల్లె గడిలో తన బొమ్మ మరోటి వేశాడు. సిరా ఆరీ ఆరకముందే వాడూ పోయి సందులో దూరాడు. ఇప్పుడు ఇద్దరు, ఒకరినొకరు చూసుకోలేక చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు. బుడగలో "బావా, వస్తున్నా!" అని రాస్తే అక్షరాలు చెరిగిపోయి బుడగ ఖాళీగా వేలాడింది. మంచు మాత్రం కిటికీ సగానికి వచ్చింది.

పదకొండున్నరకే ప్రెస్సాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కింది వాటా నుంచి అక్క టీ పట్టుకొచ్చింది. పేజీలో మొగుణ్ణి చూసి గ్లాసులు బల్ల మీద పెట్టేసింది.

"ఒరేయ్, ఇలాగే అచ్చయిపోతే ఆయనేమవుతాడు?"

"అవదక్కా."

"ఈ పల్లెవాళ్ళనైనా పైకి పంపరాదూ?" అంది భార్య. "తాళ్ళతో సహా ఊరికే నిలబడ్డారుగా."

"వాళ్ళకి దారి తెలీదు. నేను చెప్పందే..."

నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ప్రెస్సాయన గోడ మీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

"చెప్పందే అంటే?" అంది అక్క. "నువ్వు వాళ్ళకి చెప్పలేదా?"

గడియారం టకటక కొట్టుకుంటోంది. బొమ్మలాయన పేజీలోకే చూస్తూ అన్నాడు. "చెప్పలేదక్కా. బావ నన్ను పంపలేదు. 'వెళ్ళకురా, భయమేస్తోంది' అన్నాడు. నాకు అంతకన్నా భయమేసింది. కాళ్ళకి బుద్ధి చెప్పాను. కింద సత్రంలో ముసుగుతన్ని పడుకున్నాను, రెండు రోజులు. గొర్రెలవాళ్ళెవరో అటు పోతూ బావని చూసి తెచ్చారు."

"ఆయన ఒక్కసారి కూడా అనలేదే" అంది అక్క.

"అనడు."

"నా మొహం చూడకు. నాకు కాదు చెప్పాల్సింది." పేజీ మీద వేలు పెట్టింది. "ఇక్కడ గియ్యి."

ఆయన పల్లె గడికి తెల్లరంగు పూశాడు. అక్కడే సత్రం గీశాడు, మంచం గీశాడు, ముసుగుతన్ని పడుకున్న తనను గీశాడు. గుడిసెలో బావ నోటి పక్క బుడగలో "వెళ్ళకురా" అని రాశాడు. ఈసారి అక్షరాలు నిలిచాయి. సందులో కూర్చున్న ఇద్దరూ లేచి, ఆ ముసుగులో దూరి ఒక్కడయ్యారు.

కిటికీలో ఇంక బెత్తెడు చోటు మిగిలింది.

అప్పుడు దుప్పటి కదిలింది. బొమ్మవాడు మంచం దిగాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. గడి గీతని గుడారం గుడ్డలా ఎత్తి, పై గడిలోకి ఎక్కాడు. గాలికి పడ్డాడు, లేచాడు. ఇంకో గీత ఎత్తాడు. కుంచె పట్టుకున్న బొమ్మలాయనకి చెయ్యగలిగింది ఏమీ లేదు. అక్క ఆయన భుజం పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా ఆయనకి తెలియలేదు.

కిటికీ మూసుకుపోయింది.

బొమ్మవాడు ఒట్టి చేతులతో మంచు తవ్వాడు, లోపలికి దూరాడు. గడి అంతా తెల్లగా ఉండిపోయింది. ఎంతసేపో. భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

చివరికి మంచులోంచి ఒక తల పైకొచ్చింది. దాని వెనకే ఇంకో తల. బావని వీపున వేసుకుని వంగి వంగి నడుస్తున్నాడు బొమ్మవాడు.

పన్నెండు కొట్టింది. ప్రెస్సాయన లేచాడు.

"ఇంకా మూడు గడులున్నాయండీ" అంది భార్య.

"యంత్రం ఆగదమ్మా, మనుషులు నిలబడి ఉన్నారక్కడ." చెయ్యి చాపినవాడల్లా పేజీలోకి చూశాడు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "టీ ఇంకోటి దొరుకుతుందా? నేను మెల్లిగా తాగుతాను."

మెల్లిగానే తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగాడు. చివరి గడిలో సత్రం మంచం మీద బావ పడుకున్నాక, వైద్యుడు కాలికి కర్ర కడుతుండగా, పేజీ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం మెట్ల మీద అడుగులు వినిపించాయి. పన్నెండేళ్ళుగా కుంటుతూ నడిచిన బావ రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి వచ్చాడు. అక్క ఆయన కాళ్ళకేసి ఓసారి చూసి, గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

బావని చూసి బొమ్మలాయన కుర్చీలోంచి లేచాడు. నడుం నిటారుగా రాలేదు.

"ఏమోయ్ బావమరిదీ, అలా వంగిపోయావేం? ఎవర్ని మోశావు?"

"నిన్నే బావా."

"నన్నా? ఇంకా నయం, భోజనానికి ముందు మోసినట్టున్నావు." బావ నవ్వలేదు. దగ్గరికొచ్చి ఆ వీపు మీద చెయ్యి వేశాడు. "బాగా నొప్పిగా ఉందా?"

"ఉంది."

"నూనె రాయించనా?"

"వద్దు బావా" అన్నాడు బొమ్మలాయన. "ఉండనీ."

ఆ వీపు మళ్ళీ నిటారు కాలేదు. ఆయనా ఏ వైద్యుడి దగ్గరికీ పోలేదు.

అంతే. నీతి ఏమిటి మాస్టారూ అని నన్నడక్కండి, మీకు నాకన్నా బాగా తెలుసు. లేవండి, పొద్దు వాలుతోంది. తిన్నగా ఇళ్ళకి పోయి, కాళ్ళు కడుక్కుని, వేడివేడిగా నాలుగు ముద్దలు తినండి. చిన్నవాళ్ళని వెనక వదిలేసి పరిగెత్తకండి.