తొమ్మిది వేలిముద్రలు

ఎనభై ఎనిమిదిలో చిత్తూరు కోర్టు వీధిలోని సుబ్రమణ్యం టైపు సెంటరుకు మద్రాసు నుంచి కంప్యూటరు వచ్చింది. ఆయన దానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, పాత టైపు మిషను మీద గుడ్డ కప్పేసినాడు. పదేండ్లుగా ఆ మిషను మీదే బతికిన పంకజాక్షికి ఆ గుడ్డను చూస్తే మనసు చివుక్కుమనింది.

కంప్యూటరులో ఇంగ్లీషు తప్పులు పట్టే ప్రోగ్రామొకటి ఉండాది. అబ్బో, దాని పెత్తనం చూడాల! అత్తగారైనా అప్పుడప్పుడు నోరు మూసుకుంటుంది గానీ, ఇది మూసుకోదు. సుబ్రమణ్యానికి మాత్రం అది చెప్పిందే వేదం.

ఒకనాడు పదకొండు గంటలప్పుడు పూతలపట్టు నుంచి తొమ్మిది మంది ముసలోళ్ళు బస్సు దిగి వచ్చినారు. అందరికీ సోడాబుడ్డి కళ్ళద్దాలే. ముందు మునెయ్య, అందరికన్నా వెనక తిరుమలమ్మ.

“అమ్మణ్ణీ, మాకు కండ్ల ఆపరేషన్ చేసిన మలయాళం డాక్టరమ్మ ఈ పొద్దు మూడున్నర రైలుకు సొంతూరికి పోతా ఉండాది. మళ్ళా ఈ పక్కకు రాదంట. ఆయమ్మకు తెలుగు చదవను రాదు. ఇంగ్లీషులో ఒక కాగితం కొట్టియ్యి” అన్నాడు మునెయ్య.

“ఏమని రాయాల తాతా?”

“మునెయ్యనైన నాకు ఇప్పుడు కండ్లు బాగా అగపడతా ఉండాయి, నీ మేలు మరవను, అని రాయి.”

రెండో ఆయనా అదే మాట చెప్పినాడు, పేరు మాత్రం తనది. మూడో ఆమెదీ అంతే. తిరుమలమ్మ వంతు వచ్చేసరికి పంకజాక్షికి నవ్వొచ్చింది.

“ఇంకేమన్నా చెప్పు అవ్వా.”

“అంతకంటే ఏముండాది చెప్పేదానికి?” అనింది తిరుమలమ్మ.

పంకజాక్షి అన్నీ కొట్టి ప్రోగ్రాముకు చూపించింది. పూతలపట్టు అనే మాటే లేదు పొమ్మనింది అది. మునెయ్యను చూసి ‘మనీ’ అనబోయినారా అని అడిగింది. కడాన, ఒకే వాక్యం తొమ్మిదిసార్లు వచ్చింది, ఒకటి ఉంచి మిగిలినవి తీసేయమని చెప్పింది.

“నిజమే గదా పంకజం. తొమ్మిది మందిమీ అని ఒక్క లైనులో ముగించు” అన్నాడు సుబ్రమణ్యం.

అట్లే ముగించి, కాగితం తీసి, వేలిముద్రలకు సిరా డబ్బీ తెరిచింది.

“నా మాట యాడుండాది?” అన్నాడు మునెయ్య.

“ఇదే తాతా. అందరిదీ ఇదే.”

తిరుమలమ్మ సిరా పూసుకున్న వేలును అట్లే పైకి పట్టుకోని నిలబడింది. “అదేందమ్మా! ఆయమ్మ మా తొమ్మిది మందికీ ఒకటేసారి కోసిందా? కట్టు విప్పినప్పుడు, తిరుమలమ్మా, నేను అగపడతా ఉన్నానా అని నన్ను పేరు పెట్టి అడిగింది. కొండ మీద ఒకడు గుండు కొట్టించుకుంటే ఊరందరి మొక్కూ తీరిపోతుందా?”

పంకజాక్షికి సిగ్గుతో తల కొట్టేసినట్టయ్యింది. గడియారం చూస్తే ఒంటిగంట. రైలు పోతే డాక్టరమ్మ అడ్రెసు కూడా వీళ్ళకు తెలీదు. లేచి పాత మిషను మీది గుడ్డ లాగేసింది.

“కొత్తది ఉండగా దాన్నెందుకు లేపుతావు?” అన్నాడు సుబ్రమణ్యం.

“దీనికి అడ్డం చెప్పే నోరు లేదు సార్.”

టకటకా తొమ్మిది వాక్యాలు కొట్టింది, ఒక్కోదాని కింద వేలిముద్రకు చోటు వదిలింది. సుబ్రమణ్యం కాసేపు మూతి ముడుచుకోనుండి, తర్వాత తానే డబ్బీ పట్టుకోని ఒక్కొక్కరి వేలూ పట్టి ముద్ర వేయించినాడు. రెండున్నరకల్లా అందరూ స్టేషను దారి పట్టినారు.

ఇరవై రోజులకు తొమ్మిది మందీ మళ్ళా దిగినారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కార్డు.

“కేరళ నుంచి వచ్చినాయి. నువ్వే చదవాల” అన్నాడు మునెయ్య.

పంకజాక్షి ఆయన కార్డు తీసుకోని తెలుగులో చెప్పింది. “మునెయ్యా, నీ వేలిముద్ర నా దగ్గర భద్రంగా ఉంది. నీ కండ్లు బాగున్నందుకు నాకు సంతోషం.”

రెండో కార్డులోనూ అదే మాట, పేరు మాత్రం వేరే. మూడోదీ అంతే. తొమ్మిదిసార్లూ చేత్తో రాసింది ఆ మహాతల్లి. పంకజాక్షి మనసులోనే ఆయమ్మకు చెయ్యెత్తి మొక్కింది. సుబ్రమణ్యం కంప్యూటరు ముందరి కుర్చీ కూడా తెచ్చి ముసలోళ్ళకు వేసినాడు.

ఒక్క మాట కూడా దాటెయ్యకుండా అన్నీ చదివింది పంకజాక్షి. కడపటిది తిరుమలమ్మది. ఎనిమిదిసార్లు విన్న మాటే అయినా ఆమె ముందుకు జరిగి చెవి ఒగ్గింది.

“తిరుమలమ్మా...” అని మొదలుపెట్టింది పంకజాక్షి.

“నాకే!” అనింది తిరుమలమ్మ.